రంగు కంటె ముందు నేలను చూడవలెను

(మండలాభిషేక దినములలో ఆలయ మండపమున జరిగిన భక్తుల సభలో ప్రధానార్చకుల ప్రసంగ పాఠము)



కుంభాభిషేకము నిర్విఘ్నముగా జరిగినది. గోపురము కొత్త రంగులతో వెలుగుచున్నది. ప్రాకారపు గోడలు, ధ్వజస్తంభపు తొడుగు, ఈ మండప స్తంభములు అన్నియు మీరు చూస్తూనే ఉన్నారు. అయినను ఈ మండల దినములలో దర్శనమునకు వచ్చినవారిలో చాలమంది నన్ను అడుగుచున్న ప్రశ్న ఒక్కటే. "అయ్యగారూ, అంతా చేయించి క్రింద సెల్లార్ నేలను మాత్రం బోడిగా వదిలేశారేమి? రంగు డబ్బాలు కూడా వచ్చి గోడవారనే ఉన్నాయి గదా?"

సమాధానము చెప్పు బాధ్యతను కమిటీవారు నాకే అప్పగించారు. న్యాయమే. రంగు వద్దని పట్టుబట్టినవాడను నేనే. నేను వేదపాఠశాలలో చదువుకొన్నవాడను. సిమెంటు, కాంక్రీటు నా చదువులోనివి కావు. ఈ విషయములో నాకు తెలిసినది కొంత దెబ్బ తిని నేర్చుకొన్నది, కొంత యూసుఫ్‌గూడ నుండి నిత్యము దర్శనమునకు వచ్చు ఒక విశ్రాంత ఇంజనీరుగారు ఓపికగా నేర్పినది.

ముందు ఆ దెబ్బ సంగతి చెప్పవలెను.

కొన్నేండ్ల క్రిందట ఈ సెల్లార్ నేలకు తొలిసారి ఎపాక్సీ రంగు వేయించాము. అంతవరకు అక్కడ బండ్లు నిలుపుకొనేవారు. ఉత్సవ రథము కూడ అక్కడనే ఉండేది. అన్నదానము మొదలుపెట్టిన పిమ్మట నూనె మరకలు, సిమెంటు దుమ్ము లేకుండ, తుడుచుకొనుటకు వీలుగా ఉండవలెనని రంగు ఆలోచన వచ్చినది. పనికి వచ్చిన మేస్త్రీ నేలను అరికాలితో రాచి చూచి, "పంతులుగారూ, పైన ఎండినట్టే ఉన్నది గని, ఆ ఉత్తరం గోడ పక్కన జర చెమ్మ కొడుతున్నది. ఎండలు ముదిరినంక వేస్తే మంచిగుంటది" అన్నాడు. నేను వినలేదు. ఉగాది పంచాంగ శ్రవణము నాటికి పని ముగియవలెనని తొందరపెట్టాను. మేస్త్రీ మంచివాడు. చెప్పవలసినది చెప్పి, నేను వినకపోగా, చెప్పినట్లు చేసి పోయినాడు.

ఉగాది నాడు నేల అద్దమువలె మెరిసినది. శ్రావణము వచ్చుసరికి ఉత్తరపు గోడ వైపు చిన్న చిన్న పొక్కులు లేచినవి. మినపగింజంతగా మొదలై రూపాయి బిళ్ళంత అయినవి. ఒకదానిని సూదితో గుచ్చి చూస్తే లోపలినుండి నీరు వచ్చినది. వేళ్ళ నడుమ రాస్తే సబ్బునీటివలె జారినది. కార్తిక మాసములో అన్నదాన సేవకు వచ్చిన ఒక తల్లి సాంబారు గిన్నె పట్టుకొని నడుస్తూ, లేచిన రంగు పొరపై కాలు వేసి జారి పడినారు. మణికట్టు విరిగినది. చాల దినములు ఆమె కుడిచేతితో అన్నము కలుపుకొనలేకపోయినారు. ఆమె నేడు ఈ సభలోనే ఉన్నారు, నా వైపు చూచి నవ్వుచున్నారు కూడ. అప్పుడు గాని, ఇప్పుడు గాని నన్ను ఒక్క మాట అనలేదు. అది మరింత కష్టము.

ఆ పొక్కులోనికి నీరు ఎక్కడినుండి వచ్చినది? పైన రంగు ఉన్నది. పైనుండి నీరు దిగుటకు వీలులేదు. క్రిందినుండియే రావలెను.

ఇంజనీరుగారు నాకు మొదట చెప్పిన పాఠము ఇది. ఒక సిమెంటు బస్తా 50 కిలోలు. గట్టిపడుటలో సిమెంటు తనలో కలుపుకొని పట్టి ఉంచుకొను నీరు దాని బరువులో సుమారు నాలుగవవంతు, అనగా పన్నెండు లీటర్ల చిల్లర. కాని మాలు పని చేయుటకు అనువుగా ఉండవలెనని 25 లీటర్లు, ఒక్కొక్కచోట ఇంకను ఎక్కువ పోయుదురు. మిగిలిన నీరు కాంక్రీటు లోపలి సన్నని రంధ్రములలో నిలిచి, మెల్లమెల్లగా ఆవిరియై పోవలెను. అది చాలదన్నట్లు పోసిన నేలకు వారము పది దినములు మడులు కట్టి నీళ్ళు పట్టుదుము. ఆ క్యూరింగ్ లేనిదే నేలకు బలము రాదు గనుక అదియు అవసరమే. 28 దినములకు కాంక్రీటు బలమును లెక్కకట్టుట వాడుక. అది బలమునకు గడువే గాని ఆరుటకు గడువు కాదు. "నెల అయినది గదా, ఇంక రంగు వేయవచ్చును" అనుటలోని పొరపాటు ఇక్కడనే ఉన్నది. పనివారిలో అంగుళము మందమునకు సుమారు ఒక నెల అను లెక్క కలదు. నాలుగు అంగుళముల నేల పోసినచో నాలుగు నెలలు. అదియు మరల నీరు తగలకుండ ఉన్నప్పటి మాట, ఉజ్జాయింపు మాట.

ఇది నేల తనతో తెచ్చుకొన్న నీరు. రెండవది భూమిలోనుండి వచ్చు నీరు. దీని విషయములో మన కృష్ణానగర్‌ది ఒక ప్రత్యేక జాతకము. జూబ్లీహిల్స్ గుట్టలపై పడిన వాన వాలు పట్టుకొని మన వీధులలోనికే దిగును. పెద్దవాన వచ్చినప్పుడు మోటారుసైకిళ్ళు నీటిలో కొట్టుకొనిపోవుట ఊరివారందరు టీవీలో చూచెదరు, మనము వాకిట నిలబడి చూచెదము. 2020 అక్టోబరు 13న పడిన వాన మీలో ఎవరును మరచి ఉండరు. బేగంపేటలో ఒక్క దినమున సుమారు 19 సెంటీమీటర్లు నమోదైనది. నగరమున ఎన్నో సెల్లార్లు మునిగినవి. మోటార్లు పెట్టి తోడించి, నీరు పోయినదని అనుకొన్నాము. కంటికి కనబడు నీరు పోయినది. హైదరాబాదు నేల క్రింద ఉన్నది గ్రానైటు శిల. దానిపైన మొరము. మొరము నీటిని త్రాగును, క్రింది అఖండ శిల త్రాగదు. కాబట్టి నీరు ఆ రెంటి నడుమ పల్లము వైపు నిదానముగా నడుచును. వాన వెలసిన కొన్ని వారములకు కూడ పల్లపు ఇండ్ల సెల్లార్లలో ఊట కనబడుటకు కారణము ఇదియే.

వరాహమిహిరాచార్యులు ఆరవ శతాబ్దమున బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమున, మనిషి దేహములో నాడులున్నట్లే భూమిలోను నీటి నాడులు కొన్ని పైన, కొన్ని లోతున ఉన్నవని చెప్పినారు. ఆయన బావి త్రవ్వుకొనువారి కొరకు చెప్పినారు. మనము సెల్లార్ త్రవ్వి ఆ నాడుల నడుమకు పోయి కూర్చొని, నేల చెమ్మగా ఉన్నదేమని ఆశ్చర్యపడుచున్నాము.

బోడి నేలనుండి ఈ తేమ ఆవిరియై మనకు తెలియకుండ పోవుచునే ఉండును. అందుచేత పైపొర పొడిగా తోచును. దానిపైన ఎపాక్సీ వంటి చిక్కని పొర పరచిన వెంటనే ఆవిరికి దారి మూసుకొనిపోవును. పొర క్రింద తేమ చేరును, సిమెంటులోని క్షారమును కరగించుకొనును. నా వేళ్ళకు సబ్బువలె తగిలినది ఆ క్షారమే. ఆ నీరు రంగు పట్టును వదలించి పైకి నెట్టును. రంగు చెడ్డది కాదు, వేసినవాని చేయి చెడ్డది కాదు. వేసిన కాలము చెడ్డది.

అందుచేత ఈసారి జీర్ణోద్ధరణ మొదలుపెట్టినప్పుడు పాత రంగును గీకించి, పల్లముగా ఉన్న దక్షిణ భాగమున ఆశ్వయుజ మాసారంభమున నాలుగు అంగుళముల కొత్త కాంక్రీటు పోయించాము. తడి ఉన్నదో లేదో తెలియకుండ డబ్బా మూత తీయరాదని ఇంజనీరుగారు, నేను ఒక మాట అనుకొన్నాము.

మొదట కంటితో చూచు పరీక్ష. బియ్యపు బస్తా ఎత్తి చూడండి. దాని క్రింద నేల చుట్టుప్రక్కల కంటె నల్లగా ఉన్నదా? అట్టపెట్టె అడుగు మెత్తబడినదా? ఇనుప బీరువా కాళ్ళ చుట్టు తుప్పు వలయములు ఉన్నవా? గోడ మొదట తెల్లని ఉప్పు పూచినదా? ఇందులో ఏ ఒక్కటి కనబడినను ఆ చోట నీటి రాకపోకలు ఉన్నవని అర్థము. మన సెల్లార్‌లో ఉత్తరపు గోడ వెంబడి ఉప్పు ఉన్నది. ప్రతి సంవత్సరము దీపావళికి చీపురుతో ఊడ్చివేయుచుంటిమి. అది ఏమి చెప్పుచున్నదో ఎవరమును ఆలోచించలేదు.

తరువాత కవరు పరీక్ష. ఇది ఎవరైనను చేయవచ్చును, ఖర్చు లేదు. అమెరికాలో పరీక్షా పద్ధతులను నిర్ణయించు ఏ.ఎస్.టి.ఎం. అను సంస్థ 1983లోనే దీనికి డి 4263 అను సంఖ్యతో ఒక పద్ధతి వ్రాసి ఉంచినది. లోపల ఉన్నది కనబడునట్టి పాలిథీన్ షీటు, మిల్లీమీటరులో పదవవంతు మందము గలది, 18 అంగుళముల చదరముగా కత్తిరించవలెను. కూరగాయల సంచీ వంటి పలుచనిది పనికిరాదు. నేలను శుభ్రముగా ఊడ్చి, పొడి గుడ్డతో తుడిచి, షీటు పరచి, నాలుగు అంచులను వెడల్పు టేపుతో ఎక్కడను గాలి పోకుండ అతికించవలెను. దుమ్ముమీద టేపు నిలువదు. మా మొదటి ప్రయత్నము తెల్లవారుసరికి ఒక అంచు లేచి వ్యర్థమైనది. ఎండ తగులు చోట, వేడి తగులు చోట పెట్టరాదు. కనీసము పదహారు గంటలు కదపక ఉంచవలెను. ప్రతి 500 చదరపు అడుగులకు ఒకటి చొప్పున పెట్టవలెను. మన సెల్లార్ సుమారు 2000 చదరపు అడుగులు గనుక నాలుగు చాలును. ఉత్తరపు గోడపై అనుమానముతో ఐదవది కూడ పెట్టాము.

కార్తికములో ఒకనాడు సాయంత్రము నాలుగు గంటలకు, ప్రదోషార్చనకు ముందు, ఐదు కవర్లు అతికించాము. మరునాడు ఉదయము ఎనిమిదికి పదహారు గంటలు నిండినవి. ర్యాంపు దగ్గరిది పొడిగా ఉన్నది. వంటశాల ద్వారము దగ్గరి దానిపై బిందువులు నిలిచినవి. నేను కంగారుపడినాను. ఇంజనీరుగారు వ్రేలితో తాకి, "స్వామీ, ఈ నీరు కవరు పైన ఉన్నది, క్రింద కాదు. ఇది మీ అన్నపు ఆవిరి, నేలది కాదు" అన్నారు. టేపు తీసి చూస్తే క్రింద నిజముగానే పొడి. ఇది గుర్తుంచుకొనవలసిన మాట. కవరు పైన ఉన్న నీరు గాలిలోనిది, కవరు క్రింద ఉన్న నీరు నేలలోనిది. దక్షిణమున కొత్త కాంక్రీటుపై పెట్టిన రెండింటి క్రింద సన్నని మంచువంటి పొర పట్టినది, నేల రంగు ముదిరినది. ఉత్తరపు గోడ దగ్గర పెట్టినదానిని ఎత్తగానే నీరు ధారగా జారినది.

ఇక్కడ నాకు వాస్తుశాస్త్రములలోని భూపరీక్ష జ్ఞప్తికి వచ్చినది. మూరెడు గుంట త్రవ్వి, నిండ నీరు పోసి, నూరడుగులు నడచి తిరిగి వచ్చి నీరు ఎంత తగ్గినదో చూడుమని వరాహమిహిరులే వ్రాసినారు. గుంటలో పూవులుంచి రాత్రి గడచిన తరువాత వాడినవో లేదో చూడుమని మరియొక పరీక్ష. వాటి ఉద్దేశము వేరు. మన కవరు పరీక్షకు అవే మూలమని నేను చెప్పుట లేదు; అట్లు చెప్పుట ఈ దినములలో కొందరికి సరదా అయినది. నేలను ఒకసారి చూచి తీర్పు చెప్పక కొంతసేపు దానికి విడిచిపెట్టవలెనను తెలివి మాత్రము రెంటిలోను ఒకటే.

కవరు పరీక్షకు ఒక హద్దు ఉన్నది. తడి కనబడితే తడి ఉన్నట్లే. తడి కనబడకపోతే మాత్రము లోతున లేనట్లు కాదు. నేల పైన ఆరి లోపల తడిగా ఉండవచ్చును. ఖరీదైన రంగు వేయదలచినవారు మరి రెండు పరీక్షలు చేయించుకొందురు. ఒకటి కాల్షియం క్లోరైడు అను ఉప్పుతో చేయునది. ఈ ఉప్పుకు నీటిపై మహా దాహము. చిన్న మూకుడులో తూచిన ఉప్పును నేలపై పెట్టి, గాలి చొరకుండ గిన్నె బోర్లించి, అరువది మొదలు డెబ్బది రెండు గంటల తరువాత మరల తూచెదరు. పెరిగిన బరువు నేల విడిచిన నీరు. వేయి చదరపు అడుగులకు దినమునకు మూడు పౌండ్లు, అనగా సుమారు 1.36 కిలోల నీరు మించరాదని చాలకాలముగా వాడుకలో ఉన్న కొలత. మన 2000 అడుగుల నేలకు లెక్కవేసితే దినమునకు 2.7 లీటర్లు. అంత నీరు కంటబడకుండ లేచిపోవుచున్నను మనకు నేల పొడిగానే తోచును.

రెండవది లోతు పరీక్ష. మందములో నూటికి నలుబది వంతుల లోతున, అనగా నాలుగు అంగుళముల నేలలో అంగుళమున్నర చిల్లర లోతున, చిల్లు వేసి, గొట్టము అమర్చి మూసి, ఒక దినము ఆగి, లోపలి గాలిలోని తేమను యంత్రముతో కొలిచెదరు. పూర్వము మూడు దినములు ఆగవలెననేవారు, 2018లో ఆ నియమమును ఒక దినమునకు తగ్గించారు. ఎంత తేమ వరకు ఫరవాలేదన్నది రంగు తయారుచేయువారి కాగితములో ఉండును. మన డబ్బాల కాగితములో నూటికి 75 దాటరాదని ఉన్నది. పుష్యములో మనము కొలిపించినప్పుడు కొత్త కాంక్రీటులో అది దాటియే ఉన్నది.

కాని అసలు చిక్కు ఉత్తరపు గోడది. కొత్త నేలకు తడి ఉండుట సహజము. అక్కడిది పాత నేల, పండ్రెండేండ్లు దాటినది. తనలోని నీరు ఎన్నడో పోయి ఉండవలెను. మార్గశిరములో మరల ఐదు కవర్లు పెట్టాము. దక్షిణపు రెండింటిలో మంచు కొంత తగ్గినది. ఉత్తరపు దానిలో మునుపటి ధారయే. ఒకసారి చేసిన పరీక్ష తడి ఉన్నదా లేదా అని మాత్రమే చెప్పును. నెల దాటి రెండవసారి చేసినది ఆ తడి ఏ జాతిదో చెప్పును. తగ్గుచున్నది నేల సొంతపు నీరు. తగ్గనిది ఎక్కడినుండియో వచ్చుచున్నది.

మొదట సంపును అనుమానించాము. ఒక రాత్రి నల్లాను, బోరు మోటారును కట్టివేయించి, నీటిమట్టము దగ్గర సుద్దతో గీత గీచి తాళము వేశాము. ఉదయము చూస్తే నీరు గీత దగ్గరనే ఉన్నది. సంపు నిర్దోషి. వానకాలము కాదు గనుక ఊట అనుటకును వీలులేదు. ఇంజనీరుగారు గోడను, దానికి పైనున్న గర్భాలయమును మార్చి మార్చి చూచి, కొంచెము సంకోచముగా అడిగినారు. "స్వామీ, అభిషేకము నీళ్ళు ఎటు పోవును?"

తూర్పు ముఖమైన ఆలయమున అభిషేక తీర్థము వెడలు ప్రణాళము ఉత్తరమున ఉండును. అక్కడినుండి గొట్టము గోడలో దిగి, సెల్లార్ నేల క్రిందుగా వీధి కాలువకు పోవుచున్నది. ఒక పక్షము దినములు తీర్థమును గొట్టములోనికి విడువక, ప్రణాళము దగ్గరనే గంగాళములో పట్టి మారేడు, తులసి మొక్కలకు పోయించాము. పక్షము తరువాత కవరు పెట్టితే ధార లేదు, చెమట మాత్రమే ఉన్నది. నేల పగులగొట్టించాము. పాత సిమెంటు గొట్టపు అతుకు విడిపోయి ఉన్నది. చుట్టును మొరము బురదగా మారి, పాల వాసన, తేనె వాసన కలిసి పులిసి ఉన్నది.

ఎన్ని సంవత్సరములుగానో ప్రతి ఉదయము నా చేతులతో నేను పోసిన నీరు అది. మంత్రము చెప్పుచు పోసినాను. అది ఎక్కడికి పోవుచున్నదో ఒక్కసారి క్రిందికి దిగి చూడలేదు. ఆ తల్లి మణికట్టు విరిచిన పొక్కులలోని నీరు, సూదితో గుచ్చి నేను ఆశ్చర్యపడిన నీరు, ఈ గొట్టముదే.

గొట్టము మార్పించాము. తవ్విన మేర మొరము ఆరనిచ్చి, ఈసారి క్రింద మందపాటి పాలిథీన్ పట్టా పరచి, దానిపైన కాంక్రీటు పోయించాము. ఇండ్లు కట్టుకొనువారికి ఇది చెప్పవలెను. నేల పోయుటకు ముందు అడుగున ఈ పట్టా పరచుటకు అయ్యే ఖర్చు స్వల్పము. తరువాత అదే నేలకు పైనుండి తేమ నిరోధించు పూతలు వేయించుటకు అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు. పైగా అట్టి పూతలు కొంతవరకు తేమను ఆపగలవు గాని, పగిలిన గొట్టమును, ఒత్తిడితో వచ్చు ఊటను ఆపవు.

ఇంతలో ముహూర్తము దగ్గరపడినది. మాఘమున కుంభాభిషేకము. ఉత్తరమున కొత్త ముక్క పోసి నెల నిండలేదు, దక్షిణపు నేల నాలుగు నెలల దగ్గరకు వచ్చినను యంత్రము ఇంకను ఒప్పుకొనలేదు. రంగు పనికి మాట్లాడినవారు, "పెద్ద మంట లైటుతో రెండు దినములు కాల్చి ఆరబెట్టి వేసేస్తాము, ఎవరికీ తెలియదు" అన్నారు. వేడి పెట్టితే పైపొర ఆరును. లోపలి తడి తరువాత మెల్లగా పైకి వచ్చి ఆ పొరను మరల తడుపును. అప్పటికి పైన రంగు ఉండును. ఎవరికీ తెలియకపోవుట కార్తికము వరకే.

కమిటీలో వాదము జరిగినది. ఏడాదికి గడువు తీరు డబ్బాలు, పెద్దలు వచ్చు ఉత్సవము, ఫోటోలలో బోడి నేల. ఇవన్నియు చిన్న కారణములు కావు. అన్నింటికంటె బరువైనది వేరొకటి. ఆ రంగును సమర్పించిన భక్తులు తమ తండ్రిగారి పేరిట ఇచ్చినారు. వారి మాతృమూర్తికి ఎనుబది దాటినవి, ఆరోగ్యము అంతంతమాత్రము. "అయ్యగారూ, అమ్మ చూచినట్లుండాలని ఇచ్చాను. వచ్చే ఏడు అంటే నేనేమి చెప్పను?" అని ఆయన నా గదికి వచ్చి అడిగినారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పగలిగినది ఒక్కటే. "బాబూ, ముహూర్తము నేను పెట్టినది స్వామికి, రంగుకు కాదు. అష్టబంధనము వేయునాడు పీఠపు గుంటలో చుక్క తడి ఉన్నను తుడిచి, ఆరబెట్టి గాని బంధనము పెట్టము. లక్క, మైనము తడిరాతిని పట్టవు. స్వామి క్రింద అంత జాగ్రత్త పడి, అన్నము తినువారి కాళ్ళ క్రింద తొందరపడమంటారా?" ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నగారు కాంట్రాక్టు పనులు చేసినవారే. ఉంటే ఆయనా ఆగమనేవారు" అని లేచిపోయినారు.

కుంభాభిషేకము నాడు ఆ పెద్దావిడను కుర్చీలో క్రిందికి తెచ్చారు. చాపలు పరచిన బోడి నేలను చూచి, "రంగేదిరా?" అన్నారు. కుమారుడు వంగి చెవిలో ఏదో చెప్పినారు. ఆమె తల ఊపి, చేతికర్రతో నేలను రెండుసార్లు తట్టి, "ఆరనీ, ఆరనీ" అన్నారు.

ఇప్పటి స్థితి చెప్పి ముగించెదను. వంటశాల దగ్గర, ర్యాంపు దగ్గర నేల పొడిగానే ఉన్నది. అయినను ర్యాంపు ముందు భాగమునకు రంగు వేయరాదని నా అభిప్రాయము. వానకు తడిసిన బండ్లు వచ్చి నిలుచు చోటు అది. అక్కడ షాబాదు బండలు పరచి సందులు సున్నముతో నింపితే చాలును, తేమ సందులలోనుండి పోవును. మన తండ్రులు అట్లే చేసినారు, ఎవరును జారి పడలేదు. కమిటీవారు ఇంకను ఆలోచించుచున్నారు. దక్షిణ భాగము వైశాఖము నాటికి సిద్ధము కావచ్చును. ఉత్తరపు ముక్కకు జ్యేష్ఠము దాటవచ్చును. అప్పటికి వానలు వచ్చినచో మరల ఆగవలసియుండును. డబ్బాల గడువు మీరినచో కొత్తవి తెప్పించు ఖర్చులో కొంత నా సంభావనలోనుండి ఇచ్చెదనని అధ్యక్షులవారికి చెప్పి ఉన్నాను. వారు వద్దన్నారు. నేను మాత్రము మాట వెనుకకు తీసుకొనలేదు.

రంగు వేయు దినమున చూడవలసినవి మరి రెండు ఉన్నవి. నూనె మరక ఉన్న చోట నాలుగు నీటిచుక్కలు చల్లి చూడవలెను. నేల వాటిని త్రాగితే సరి, తామరాకుపై వలె నిలిచితే అక్కడ జిడ్డు ఉన్నది, రంగు పట్టదు. ఆ దినమున గాలిలో తేమ మిక్కుటముగా ఉన్నచో, నేల చల్లదనము మంచు పట్టు స్థితికి కనీసము మూడు డిగ్రీలు ఎగువన ఉన్నదని కొలిచి చూచుకొనవలెను. లేనిచో రంగు క్రింద మంచు పట్టును. అది వర్షాకాలపు ఉదయములలో జరుగును. అందుచేత ఎండాకాలపు మధ్యాహ్నము మేలు.

వచ్చే శనివారము సాయంత్రము నాలుగు గంటలకు మరల ఐదు కవర్లు పరచెదము. ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు తీసెదము. తమ ఇండ్ల సెల్లార్లలో చేసుకొనదలచినవారు వచ్చి చూడవచ్చును, షీటు ముక్కలు మిగులును గనుక తీసుకొని పోవచ్చును. ఆ రాత్రి పిల్లలు క్రింద ఆడుకొనకుండ చూడవలెనని తల్లులకు ప్రార్థన. పోయిన నెల ఉత్తరపు కవరును ఎవరో తొక్కి టేపు లేపినారు, ఆ ఒక్కటి మరల చేయవలసివచ్చినది.

స్వస్తి.